చేరాల్సిన చోటు, చేరాల్సిన వేళ

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు, ఆయన కనిపెట్టిన మందుల పట్టీ మళ్ళీ చదవకూడదనుకున్నాను. ఈ సభలో చాలామందికి అది కంఠతా వచ్చు. నేను నరాల వైద్యుణ్ణి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పార్కిన్సన్స్ జబ్బుతో బాధపడేవాళ్ళు. ఆయన పనికీ వాళ్ళ బాధకీ మధ్య ఒక దారి ఉంది. మనం దాని గురించి పెద్దగా చెప్పుకోలేదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. కణం ఏ పని చేసినా ఖర్చయ్యేది ఏటీపీ. అది తరిగినప్పుడు చప్పున భర్తీ చేసే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. ఫాస్ఫోక్రియాటిన్ సంగతి బయటపడ్డ సరిగ్గా 80 ఏళ్ళకి, 2007లో, అమెరికా కెనడాల్లో 1,741 మంది పార్కిన్సన్స్ రోగులతో ఒక పెద్ద పరీక్ష మొదలైంది. కొందరికి రోజుకి 10 గ్రాముల క్రియాటిన్ ఇచ్చారు, మిగతావాళ్ళకి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి పొడి ఇచ్చారు. శక్తి నిల్వ పెంచితే చావుకి దగ్గరపడిన నాడీకణాలు తట్టుకుంటాయని ఆశ. 2013లో మధ్యంతరంగా లెక్క చూసి పరీక్ష ఆపేశారు. రెండు జట్లకీ తేడా లేదు, కొనసాగించినా వచ్చేలా లేదు.

సుబ్బారావు గారి పేరుతో ముడిపడ్డ అణువే ఓడిపోయిన పరీక్షని ఆయన స్మారక సభలో గుర్తుచెయ్యడం కొందరికి నచ్చకపోవచ్చు. కానీ నాడీకణాన్ని కాపాడాలన్న ప్రయత్నాల చరిత్రంతా ఇలాంటి ఓటములతోనే నిండి ఉంది. ఆ ఓటముల్ని దాచకుండా, తొందరపడకుండా చదివినవాళ్ళ వల్లే ఇవాళ కాస్త ముందుకొచ్చాం. అందుకే ఈ సాయంత్రం వాటి గురించే చెప్పదలచుకున్నాను.

ముందు జబ్బు సంగతి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురిని వర్ణిస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆ ఆరుగురిలో కొందరు ఆయన వీధిలో చూసినవాళ్ళే. అయినా ఆ వర్ణన ఇవాళ మా ఓపీ బల్ల మీద కూర్చున్న మనిషికి అచ్చంగా సరిపోతుంది. ఊరికే ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి వణుకుతుంది. నడుం ముందుకి వంగుతుంది. నడక పరుగులోకి జారిపోతుంది. ఆయన రాయనివి కొన్ని తర్వాత తెలిశాయి. చేతిరాత చిన్నదైపోతుంది. ముఖంలో కదలిక తగ్గేసరికి ఇంట్లోవాళ్ళు, నాన్నకి మా మీద ఏదో కోపం అనుకుంటారు. గడప దగ్గర పాదాలు నేలకి అతుక్కుపోతాయి. అసలు వణుకు మొదలవడానికి ఏళ్ళ ముందే పోపులో ఇంగువ వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో అరుస్తూ చేతులు విసరడం చాలామందిలో కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికే ఈ జబ్బుతో 85 లక్షల మందికి పైగా ఉన్నారు.

మెదడు కాండం పైభాగంలో నల్లగా కనిపించే ఒక సన్నని పొర ఉంటుంది. దాని పేరు సబ్‌స్టాన్షియా నైగ్రా. మన కదలికకి కావలసిన డోపమైన్‌ని తయారుచేసే నాడీకణాలు అక్కడే ఉంటాయి. వాటి కొసలు మాత్రం అక్కడ ఆగవు, పైన ఉన్న పుటామెన్ అనే భాగం దాకా వెళ్ళి లెక్కలేనన్ని కొమ్మలుగా విడిపోతాయి. మనిషిలో అలాంటి ఒక్కొక్క కణం 10 లక్షల నుంచి 24 లక్షల దాకా సంధులు పెట్టుకుంటుందని అంచనా. ఒక్క కణం ఇంత సంసారాన్ని పోషించాలంటే ఎంత శక్తి కావాలో ఊహించండి. క్రియాటిన్ మీద ఆశపడ్డది అందుకే. అల్ఫా సిన్యూక్లీన్ అనే ప్రోటీన్ ముద్దకట్టడం, మైటోకాండ్రియాలు దెబ్బతినడం, కణం తన చెత్తని తాను ఎత్తిపోసుకోలేకపోవడం, ఇవన్నీ కలిసి ఈ కణాల మీదే ముందు పడతాయి.

అందులోనూ మొదట పోయేవి కొసలు, కణదేహాలు ఆ తర్వాత. 2013లో జెఫ్రీ కోర్డోవర్ బృందం, ఈ జబ్బుతో వేర్వేరు దశల్లో మరణించినవాళ్ళ మెదళ్ళని పరిశీలించింది. జబ్బు నిర్ధారణ అయిన నాలుగేళ్ళకే పుటామెన్‌లో డోపమైన్ కొసలు దాదాపు కనబడకుండా పోయాయి. నైగ్రాలో కణాలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఈ విషయం కాసేపు గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడున్న మందు లెవోడోపా. మన దగ్గర సిండోపా మాత్ర అంటే అందరికీ తెలుస్తుంది. దాని చరిత్రలో మన ప్రాంతపు భాగం కూడా ఉంది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దూలగొండి గింజల నుంచి ఈ పదార్థాన్ని వేరుచేసి ప్రకటించారు. అది ఈ జబ్బుకి పనికొస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్, మందు ఇచ్చి కదలకుండా చేసిన కుందేళ్ళని లెవోడోపాతో లేపి నడిపించాడు. 1960లో వియన్నాలో ఓలే హోర్నికీవిచ్, పార్కిన్సన్స్ రోగుల మెదళ్ళలో డోపమైన్ అడుగంటిందని నిరూపించాడు. 1967లో జార్జ్ కోట్జియాస్ నోటి ద్వారా పెద్ద మోతాదుల్లో ఇచ్చి మంచాన పడ్డవాళ్ళని నడిపించాడు. ఇది వైద్యంలో నిజంగా గొప్ప ఘట్టం. ఇప్పటికీ ఇంతకంటే మంచి మాత్ర లేదు. కానీ లెవోడోపా తరిగిపోయిన డోపమైన్‌ని బయటినుంచి పోస్తుందే తప్ప, పోతున్న కణాన్ని ఆపదు. పదేళ్ళు గడిచేసరికి మాత్ర పనిచేసే గంటలు కుదించుకుపోతాయి, మధ్యమధ్య ఒళ్ళు అదుపు తప్పి మెలికలు తిరుగుతుంది. కుటుంబాలు మమ్మల్ని అడిగేది ఒక్కటే ప్రశ్న: దీన్ని ఇక్కడితో ఆపే మందు లేదా?

1993లో, ఉండొచ్చు అనిపించింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లోని సినర్జెన్ కంపెనీలో లియూఫెన్ లిన్, ఫ్రాంక్ కాలిన్స్ బృందం, ఎలుక మెదడులోని సహాయక కణాలు ఊరించే ఒక ప్రోటీన్‌ని పట్టుకుంది. దాని పేరు జీడీఎన్ఎఫ్. పాత్రలో పెంచిన డోపమైన్ కణాల మీద దాన్ని వేస్తే అవి బతికాయి, కొమ్మలు వేశాయి. నాడీకణాల్ని పోషించే ప్రోటీన్లు శరీరంలోనే ఉంటాయని చూపించినందుకు రీటా లెవీ మొంటాల్చీనికి 1986లోనే నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కుటుంబంలాంటి మరో ప్రోటీన్ సరిగ్గా ఈ జబ్బులో పోయే కణాల మీదే పనిచెయ్యడం పరిశోధకుల్ని ఉర్రూతలూగించింది. ఎంపీటీపీ అనే విషం ఎక్కించిన జంతువుల్లో కూడా మంచి ఫలితాలు వచ్చాయి. ఆ విషం సంగతి 1982లో కాలిఫోర్నియాలో బయటపడింది. కల్తీ హెరాయిన్ తీసుకున్న కొందరు యువకులు రాత్రికి రాత్రే కట్టెల్లా బిగుసుకుపోయారు. విలియం లాంగ్‌స్టన్ అనే వైద్యుడు వాళ్ళలో ఉన్నది పార్కిన్సన్స్ లాంటి స్థితి అని గుర్తించి, కారణం దాకా వెళ్ళాడు.

జీడీఎన్ఎఫ్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే అది పెద్ద ప్రోటీన్. మింగితే అరిగిపోతుంది, నరంలోకి ఎక్కిస్తే రక్తం నుంచి మెదడులోకి దాటదు. అందుకని మొదట మెదడు మధ్యలో ద్రవం నిండే గదుల్లోకి పంపించారు. రోగులకి వాంతులొచ్చాయి, బరువు తగ్గారు, జబ్బు మాత్రం మారలేదు. వాళ్ళలో ఒకరు మరణించాక మెదడు పరీక్షిస్తే, మందు చేరాల్సిన చోటికి చేరిన జాడే లేదు. కృష్ణా డెల్టాలో రైతుకి ఈ కష్టం కొత్తగా చెప్పక్కర్లేదు. తలగేటు దగ్గర నీళ్ళు వదిలినా శివారు పొలం ఎండుతుంది.

తర్వాత బ్రిస్టల్‌లో స్టీవెన్ గిల్, సన్నని గొట్టాలతో మందుని తిన్నగా పుటామెన్‌లోకే పంపాడు. 2003లో ప్రకటించిన ఆ ఫలితాల్లో ఉన్నది ఐదుగురు, ఐదుగురూ మెరుగయ్యారు. ప్రపంచమంతా సంబరపడింది. వెంటనే ఆమ్‌జెన్ కంపెనీ 34 మందితో, ఎవరికి అసలు మందో ఎవరికి ఉత్తుత్తిదో తెలియకుండా మాటు పరీక్ష చేసింది. తేడా రాలేదు. పెద్ద మోతాదులిచ్చిన కోతుల్లో చిన్నమెదడు దెబ్బతిన్నదని కూడా తెలిసి 2004లో మందు ఆపేసింది. తమకి మేలు జరుగుతోందని నమ్మిన కొందరు రోగులు, ఆపొద్దని కోర్టుకెక్కారు. వాళ్ళ వేదన నాకు అర్థమవుతుంది. కానీ నమ్మకం ఒక్కటే ఈ జబ్బులో సాక్ష్యం కాజాలదు. 2001లో వాంకూవర్‌లో చేసిన స్కాన్ పరీక్షల్లో, ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చినా పార్కిన్సన్స్ రోగుల మెదడులో నిజంగానే డోపమైన్ విడుదలైంది. ఆశకి ఇంత శారీరక బలం ఉన్న జబ్బులో, మాటు పరీక్ష లేకుండా ఏదీ తేల్చలేం.

బ్రిస్టల్‌లోనే మళ్ళీ 41 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. చెవి వెనక పుర్రెకి బిగించిన ద్వారం గుండా నాలుగు వారాలకోసారి మందు పంపారు. స్కాన్‌లో పుటామెన్ మెరుగ్గా కనిపించింది. ముందుగా నిర్ణయించుకున్న కొలమానంలో, అంటే మనిషి కదలికలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ నిజాలే.

జన్యుచికిత్స ప్రవేశించేది ఇక్కడే. ఆ ప్రోటీన్‌ని నెలనెలా లోపలికి పంపే బదులు, దాన్ని తయారుచేసే జన్యువుని ఒక్కసారి అక్కడే పెట్టేస్తే? మోసుకెళ్ళడానికి ఎంచుకున్నది ఏఏవీ అనే చిన్న వైరస్. 1965లో వేరే వైరస్‌ల మధ్య కనబడింది. మనిషికి ఏ జబ్బూ తెస్తుందని తేలలేదు. దాని సొంత జన్యువుల్ని తీసేసి మనకి కావలసినది పెడతారు. 4,700 అక్షరాలకి మించి పట్టదు గాని, జీడీఎన్ఎఫ్ జన్యువుకి అది చాలు. నాడీకణం విభజన చెందదు కాబట్టి, లోపలికి చేరిన జన్యువు ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పనిచేస్తుంది. 1999లో పెన్సిల్వేనియాలో వేరే రకం వైరస్‌తో జరిగిన చికిత్సలో జెస్సీ గెల్‌సింగర్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు చనిపోయాడు. ఆ మరణం తర్వాత ఈ రంగం ఒక్కో అడుగూ చూసుకుని వెయ్యాల్సి వచ్చింది, అలా వెయ్యడమే సరైనది.

పార్కిన్సన్స్‌లో కాపాడే ఉద్దేశంతో జరిగిన మొదటి పెద్ద ప్రయత్నం శాన్‌డియాగోలోని సెరిజీన్ కంపెనీది. జీడీఎన్ఎఫ్‌కి సోదర ప్రోటీన్ అయిన న్యూర్‌ట్యూరిన్ జన్యువుని ఏఏవీలో పెట్టి పుటామెన్‌లోకి ఎక్కించారు. 58 మంది చేరారు. కొందరికి అసలు చికిత్స, కొందరికి పుర్రె మీద పైపైన గంటు పెట్టి కుట్టేసిన ఉత్తుత్తి ఆపరేషన్. 2010లో ఫలితం ప్రచురించారు: ఏడాదికి ఏమీ తేడా లేదు. ఆపరేషన్‌తో సంబంధం లేని కారణాలతో చనిపోయిన ఇద్దరి మెదళ్ళని వాళ్ళ కుటుంబాలు పరిశోధనకి ఇచ్చాయి. వాటిలో చూస్తే, పుటామెన్‌లో ఎక్కించిన చోట ప్రోటీన్ తయారవుతోంది. కానీ కొసల దగ్గర పుట్టిన ప్రోటీన్ తిరిగి నైగ్రాలో ఉన్న కణదేహం దాకా ప్రయాణించాలి. కోతుల్లో బాగా ప్రయాణించింది. మనుషుల్లో దాదాపు చేరనే లేదు. ప్రయాణించడానికి కావలసిన కొసలే పోయాయి మరి. కోర్డోవర్ లెక్క గుర్తుకు తెచ్చుకోండి, నాలుగేళ్ళు. ఆ పరీక్షలో చేరినవాళ్ళకి అంతకంటే ఎక్కువకాలంగానే జబ్బు ఉంది.

దాంతో రెండోసారి 51 మందిలో నైగ్రాకి కూడా తిన్నగా ఎక్కించారు. 2013లో తేలింది, మళ్ళీ తేడా లేదు. కంపెనీ కథ అక్కడితో ముగిసింది. పరిశోధన ముగియలేదు. చికిత్స జరిగిన ఇద్దరు, ఒకరు ఎనిమిదేళ్ళకి, ఒకరు పదేళ్ళకి, మరణించాక వాళ్ళ మెదళ్ళు పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించారు. పదేళ్ళ తర్వాత కూడా ఆ జన్యువు పనిచేస్తూనే ఉంది! ప్రోటీన్ ఉన్నచోట డోపమైన్ కణాల్లో జీవం కనిపించింది. అయితే అది ఉన్న మేర చాలా తక్కువ. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకంటే విలువైన పత్రం లేదు. ఓడిపోయిందని అందరూ వదిలేసిన పరీక్షలో నిజానికి ఏం జరిగిందో, చనిపోయిన ఇద్దరు చెప్పారు.

సుబ్బారావు గారి జీవితంలోనూ ఇలాంటి మలుపు ఉంది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాల్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చాడు. మేలు జరుగుతుందనుకుంటే జబ్బు ఇంకా వేగంగా పెరిగింది. ఆ చేదు ఫలితాన్నే వాళ్ళు సరిగ్గా చదివారు. ఫోలిక్ ఆమ్లం జబ్బుకి మేత అయితే, దాన్ని అడ్డుకునేది మందు కావాలి. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి పంపింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కి మందులతో వైద్యం అక్కడే ఊపందుకుంది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

మన విషయంలో చదవాల్సిన చేదు ఫలితం మరొకటి ఉంది. స్వీడన్‌లోని లుండ్‌లో ఆండర్స్ బ్యోర్క్‌లుండ్ బృందం, విషం ఎక్కించిన ఎలుకల్ని పక్కన పెట్టి, అల్ఫా సిన్యూక్లీన్ పేరుకుపోయిన ఎలుకల్లో జీడీఎన్ఎఫ్‌ని పరీక్షించింది. అది కాపాడలేదు. 2012లో కారణం చెప్పారు. సిన్యూక్లీన్ పేరుకున్న కణంలో, జీడీఎన్ఎఫ్ మాట వినే గ్రాహకమే తగ్గిపోతుంది. అంటే విషంతో వచ్చిన స్థితిని చూసి మనుషుల జబ్బు గురించి వేసుకున్న లెక్క చాలావరకు తొందరపాటు. దీన్ని కొందరు ఈ దారికి మరణశాసనంలా చూస్తారు. నాకు అలా అనిపించదు. గ్రాహకాలు ఇంకా ఉండగానే, అంటే జబ్బు తొలి దశలోనే వెళ్ళాలని అది చెబుతోందనుకుంటున్నాను. ఇతరులు నాతో విభేదించవచ్చు, విభేదించడానికి వాళ్ళ దగ్గర సరైన కారణాలున్నాయి కూడా.

చోటు సంగతిలో మాత్రం ముందడుగు స్పష్టంగా ఉంది. ఏఏడీసీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లేని పిల్లలుంటారు, అరుదు. తల నిలపలేరు, గంటల తరబడి కళ్ళు పైకి తేలేస్తారు. తైవాన్‌లో ఆ ఎంజైమ్‌ని తయారుచేసే జన్యువుని వాళ్ళ పుటామెన్‌లోకి ఎక్కించారు. కొందరు పిల్లలు తల నిలిపారు, కూర్చున్నారు, కొందరు నడిచారు. 2022లో యూరప్, 2024 నవంబరులో అమెరికా ఆ చికిత్సకి అనుమతిచ్చాయి. అది లేని ఎంజైమ్‌ని ఇవ్వడమే, కణాన్ని కాపాడటం కాదు. కానీ మెదడులోకి జన్యువుని పంపి, అక్కడ పనిచేయించవచ్చని మనుషుల్లో రుజువైంది.

రెండో ముందడుగు, క్రిస్టోఫ్ బాంకియెవిచ్ లాంటి పరిశోధకులు ఏళ్ళ తరబడి మెరుగుపరిచిన పద్ధతి. రోగిని ఎమ్మారైలో ఉంచి, వైరస్‌తోపాటు స్కాన్‌లో కనబడే ద్రవాన్ని కలిపి, నెమ్మదిగా ఒత్తిడితో పంపుతూ, ఎక్కడిదాకా తడిసిందో కళ్ళారా చూస్తారు. అమెరికాలో 13 మంది పార్కిన్సన్స్ రోగుల్లో జీడీఎన్ఎఫ్ జన్యువుని ఇలా పంపినప్పుడు పుటామెన్‌లో నాలుగో వంతే తడిసింది. తర్వాత ఆస్క్‌బయో సంస్థ 11 మందిలో మోతాదు, దారి మార్చి సగానికి మించి తడిపింది. అదే చికిత్సకి 2024లో అమెరికాలోనూ యూరప్‌లోనూ మాటు పరీక్ష మొదలైంది, 87 మందిని చేర్చుకునేలా రూపొందించారు. ఫలితం ఇంకా రావాలి.

వేళ సంగతి ఇంకా కష్టం. తొలి దశలో ఉన్న మనిషికి సిండోపాతో బతుకు చక్కగా సాగుతూ ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటాడు, మనవణ్ణి బడికి దింపుతాడు. అలాంటివాడి పుర్రెకి రంధ్రం పెట్టి, తిరిగి బయటికి తీయలేని జన్యువుని పంపుదామా? ఆలస్యం చేస్తే కాపాడటానికి ఏమీ మిగలదు. ఈ ఇరకాటంలోంచి తేలికైన దారి నాకు కనబడలేదు. కనీసం రోగికి ఈ మాట ఇంత స్పష్టంగా, అతని భాషలో, తొందరపెట్టకుండా చెప్పాలి. మన ఆసుపత్రుల్లో సమ్మతి పత్రం మీద సంతకం ఎలా జరుగుతుందో మీకు తెలుసు.

ఇక మన ఊళ్ళ సంగతి. పార్కిన్సన్స్‌కి అనుమతి పొందిన జన్యుచికిత్స ఈ రోజు వరకు లేదు. మూలకణాలతో నయం చేస్తామని లక్షలు తీసుకునే కేంద్రాలకి మాత్రం కొదవ లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ జబ్బుల్లో చేసే మార్పిడి వంటివి మినహాయిస్తే, అనుమతి ఉన్న పరీక్ష బయట మూలకణాలు ఇవ్వడం తప్పు. అనుమతి ఉన్న పరీక్షలో చేరడానికి రోగి డబ్బు కట్టనక్కర్లేదు. ఈ ఒక్క మాట ఇంటింటికీ వెళ్తే ఎన్ని ఎకరాలు అమ్ముడుపోకుండా మిగులుతాయో! పొలం అమ్మి వచ్చిన కుటుంబాల్ని చూసినవాడిగా కోపంతోనే చెబుతున్నాను.

మన దేశానికి ఇది అందని పని మాత్రం కాదు. వెల్లూరులో ఐదుగురు హీమోఫిలియా రోగులకి జన్యుచికిత్స చేసి 2024లో ఫలితాలు ప్రకటించారు. మెదడు విషయంలో మనకి ముందు కావలసినవి కొన్ని ఉన్నాయి. మన రోగుల్లో ఎవరికి ఏ జన్యుమార్పు ఉందో తెలియాలి. జీబీఏ1 జన్యువులో మార్పున్నవాళ్ళకి సరైన ప్రతిని ఏఏవీతో పంపే పరీక్షలు బయట నడుస్తున్నాయి. అలాంటివి ఇక్కడ మొదలవ్వాలంటే ఆ రోగులెవరో ముందే తెలిసి ఉండాలి. ఏఏవీకి వ్యతిరేకంగా ఎందరి రక్తంలో ప్రతిరక్షకాలున్నాయో తెలియాలి.

ఇంకొకటి, మరణానంతరం మెదడు దానం. బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు కణజాల నిధి ఉంది. కళ్ళు దానమివ్వడం మన ఇళ్ళల్లో అలవాటైన మాట అయింది, మెదడు గురించి ఇంకా ఎవరూ అడగరు. అడగాల్సింది చావు ఇంట్లో కాదు. ఏళ్ళ తరబడి మందు రాసిన వైద్యుడు, రోగి మాట్లాడగలిగి ఉన్నప్పుడే, కుటుంబం పక్కన ఉండగా, రోగినే అడగాలి. ఇక్కడున్న యువ వైద్యులు ఆ సంభాషణ తమ ఓపీల్లో మొదలుపెట్టాలని కోరుతున్నాను. మొదటిసారి ఎలా అడగాలో తోచకపోతే, సభ అయ్యాక నా దగ్గరికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.